మొప్ప ఎత్తి చూసే మామ్మ

మొన్న గోపాలపట్నం చేపల బజార్లో ఒక కుర్రావిడ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, చేప మొప్ప ఎత్తి లోపలికి తొంగి చూస్తోంది. అమ్మేవాడు విసుక్కుంటున్నాడు. "తాజాదేనమ్మా, తెల్లారగట్ల హార్బర్ నుంచొచ్చినాది" అంటున్నాడు. ఆవిడ వినిపించుకోవడం లేదు. కూరల సంచీ పట్టుకుని నేను పక్కనే నిలబడిపోయాను. ముందు నవ్వొచ్చింది, వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ చేపలతను నా వాలకం చూసి ఏమనుకున్నాడో!

మామ్మ గుర్తొచ్చింది. నా సొంత మామ్మ కాదు. మా మందిరంలో అందరికీ మామ్మే. పేరు రాయను. బతికున్నప్పుడు ఎవరైనా సాక్ష్యంలో తన పేరెత్తితే "మద్దిని నా పేరెందుకే, ఆయన పేరు సాలదేటి" అని కసిరేది. పోయాక కూడా ఆవిడ చేత తిట్లు తినే ఓపిక నాకు లేదు.

ఆవిడది హార్బర్ పక్కన వేటకెళ్ళేవాళ్ళ పేట. మా వైపు వచ్చి స్థిరపడి, బజారు మొదట్లో గోనెపట్టా పరుచుకుని చేపలమ్మేది. నడివయసులో క్రీస్తు విశ్వాసంలోకి వచ్చింది. అన్నదమ్ములు ఇప్పటికీ గంగమ్మని కొలిచేవాళ్ళే. పండగొస్తే అటు నుంచి అరిసెలు వచ్చేవి, ఇటు నుంచి మంచి చేప వెళ్ళేది. మందిరంలో ఒకావిడ ఈ సంగతి మీద సన్నాయి నొక్కులు నొక్కబోతే, "దేవుణ్ణి మార్సుకున్నాను గానీ అన్నదమ్ముల్ని మార్సుకోనేదే" అని ఒక్క ముక్కతో నోరు మూయించింది.

మామ్మ దగ్గర చేప కొనడం అంత సులువు కాదు. ధర అడిగితే ధర చెప్పేది కాదు. "ఈ పొద్దు ఏటి మంచిది సూసినావు?" అని ఎదురడిగేది. అది చెబితేనే బేరం. కొత్తవాళ్ళు తెల్లబోయేవారు. బ్యాంకులో పనిచేసే ఒకాయన "చేప అమ్ముతావా, పరీక్ష పెడతావా" అని కోప్పడి పక్క గంపకి పోయాడు. తర్వాతి ఆదివారం ఆయనే వచ్చాడు. మామ్మ అడక్కముందే అందుకున్నాడు. "ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సెక్కుతుంటే ముసలాయన చెప్పు జారి కింద పడిపోయింది. కండక్టరు బస్సాపించి, దిగి, తెచ్చి ఆయన కాలికి తొడిగాడు. చాలా?" అన్నాడు. మామ్మ ముఖం చేటంత అయింది. ఆ రోజు ఆయనకి కొసరు కింద రెండు చేపలు ఎక్కువే పడ్డాయి. ఆ తర్వాత ఆయన బజారుకి వచ్చేటప్పుడు దారంతా అటూ ఇటూ చూసుకుంటూ వచ్చేవాడట. ఆవిడకి కావలసిందీ అదే.

ఫోన్లో ప్రమాదాల వీడియోలు చూడ్డం, వాటిని నలుగురికీ చూపించడం ఆవిడకి ఒళ్ళుమంట. ఎవరైనా "ఇది సూడు మామ్మా, లారీ కింద ఎలా పడ్డాడో" అని ఫోను చాపితే, చేపలు తోమిన చేత్తో తెరని నిండా మూసేసేది. ఆ తర్వాత ఆ ఫోను పట్టుకోవడానికి దాని సొంతదారే జంకేవాడు. "కంట్లో నలుసు పడితే ఊదుకుంటారు. బుర్రలో పెంట పోసుకుని ఊరంతా పంచుతారేటే" అనేది.

నా సంగతి చెప్పకపోతే మామ్మ సంగతి ముందుకు నడవదు. మాది ఆనందపురం దగ్గర పల్లె. పొలం పనులే తప్ప సముద్రం తెలియని ఇల్లు. పెళ్ళయ్యాక గోపాలపట్నం వచ్చాం. మా ఆయన స్టీలు ప్లాంటులో, ఉక్కు కరిగించే షాపులో పని చేస్తాడు. ఒకసారి కరిగిన ఉక్కు చింది ఆయన మోచేతి మీద పడింది. అరచేతంత మచ్చ మిగిలింది. గాయం మానగానే ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కేశాడు. నేను మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయాను. షాపులోకి ఫోను తీసుకెళ్ళరని, లాకర్లో పెట్టి వెళ్తారని నాకు తెలుసు. అయినా అది మోగి మోగి ఆగిపోతే చాలు, నా బుర్రలో సినిమా మొదలయ్యేది. అంబులెన్సు వచ్చేది. తెల్లగుడ్డ వచ్చేది. మా మరిది ఆనందపురం నుంచి ఎవరి ఆటోలో వస్తాడో, వచ్చినవాళ్ళకి వంట ఎవరు చూస్తారో, పిల్లని ఏ బడికి మార్చాలో, అన్నీ నేనే ఏర్పాటు చేసేసేదాన్ని. అంతలో మా ఆయన గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ "టీ ఉన్నాదేటే?" అనేవాడు. బతికొచ్చాడని సంతోషించాల్సింది పోయి, ఆయన మీద విరుచుకుపడేదాన్ని.

స్టోర్సు విభాగంలోకి మారిపొమ్మని పోరు పెట్టాను. బోల్టులూ బేరింగులూ ఇచ్చి పుచ్చుకునే కుర్చీ పని. ఆయనకి ఆ మాటే గిట్టదు. కానీ ఇంట్లో రోజూ తన శవం లేస్తుంటే ఏ మనిషి మాత్రం ఎంతకాలం తట్టుకుంటాడు? మెల్లగా మాట్లాడ్డం తగ్గించేశాడు. పని కబుర్లు పూర్తిగా మానేశాడు. అన్నం పెడితే తినడం, షిఫ్టుకి వెళ్ళడం, వచ్చి పడుకోవడం. ప్రమాదం వచ్చి ఆయన్ని తీసుకుపోలేదు గానీ, నా తలంపులే ఆయన్ని ఇంట్లోంచి తీసుకుపోతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఎలా ఆపాలో తెలియడం లేదు.

మా మందిరం రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. గూడ్సు బండి వెళ్తుంటే ప్రార్థన చేసేవాళ్ళు ఆగాలి, మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకునే పెట్టెల చప్పుడు వినాలి. శుక్రవారం అక్కడ ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. ఒక శుక్రవారం లేచి ఏడుస్తూ చెప్పేశాను.

"మా ఆయనకి ఏదో అయిపోతాది మామ్మా. ప్రార్థన చెయ్యండి."

మామ్మ చాప మీద నా ఎదురుగా జరిగి కూర్చుంది. "సూసినావా?" అంది.

"లేదు."

"ఎవులైనా సెప్తే ఇన్నావా?"

"లేదు మామ్మా."

"మరి?"

"అనుకున్నాను."

"అయితే మొప్ప ఎత్తు."

"మొప్పేంటి మామ్మా?"

"ఒలే పిల్లా, బుర్రలోకొచ్చిన పెతీదీ కొనీకూడదు. మొప్ప ఎత్తి సూడాల. ఎర్రగుంటే ఈ పొద్దుటిది. రంగు తిరిగిపోతే ఎప్పటిదో ఐసులో దాసి దాసి నీకంటగడతన్నాడన్నమాట, ఆ సాతానుగాడు. నీదెప్పటిది?"

"రెండేళ్ళ కిందటిది."

"ఓలమ్మో! రెండేళ్ళ సేప వొండుకుని మూడు పూటలా తింటన్నావు. కడుపునొప్పి రాకేటవుద్ది?"

మందిరమంతా గొల్లుమంది. ముక్కు చీదుకుంటూనే నేనూ నవ్వాను. అప్పుడు మామ్మ నా తల మీద చెయ్యి పెట్టి, గూడ్సు బండి వచ్చి వెళ్ళినా ఆపకుండా ప్రార్థన చేసింది. ప్రతి తలంపునీ పట్టుకుని ప్రభువు ముందు నిలబెట్టాలని మా చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఎలా పట్టుకోవాలో మాత్రం ఆ రోజు దాకా ఎవరూ చూపించలేదు.

పాడుచేపని పారేస్తే సరిపోదని కూడా ఆవిడే చెప్పేది. దెయ్యం వెళ్ళిపోయి, ఊడ్చి శుభ్రంగా ఉంచిన ఇంట్లోకి మరో ఏడు దెయ్యాలు వచ్చి చేరిన కథ ప్రభువు చెప్పాడు కదా. "కాళీ ఇల్లు ఉంచకండే, ఎవుడో ఒకడు దూరీస్తాడు" అనేది. అందుకని శుక్రవారాల్లో ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. సువార్తలో ఒక సంగతి చదువుతారు. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఆ చోటికి వెళ్ళి నిలబడాలి. తర్వాత వంతులవారీగా ఏం చూశారో చెప్పాలి. నీతి చెప్పకూడదు, ప్రసంగం చెయ్యకూడదు. చూసింది, విన్నది, వాసన తగిలింది, అంతే చెప్పాలి.

ఆ చెప్పడంలో ఎన్ని చిత్రాలో! ఒకావిడకి వేలమందికి రొట్టెలు పంచే చోట గ్యాసు బండ అయిపోయింది. ఇంకొకావిడకి సమరయ స్త్రీ బావి దగ్గర మా వీధి కుళాయి క్యూ కనిపించింది, బిందె వరసలో పెట్టి వెళ్ళినందుకు పోట్లాట కూడా. మామ్మ దేన్నీ కాదనేది కాదు. "మంచిదే, ఆయన ఆ క్యూలోకీ వస్తాడు" అనేది.

నా వంతు వచ్చిన మొదటి వారం, సముద్రంలో తుఫాను చదివారు. ప్రభువు పడవలో నిద్రపోతున్నాడు, శిష్యులు భయపడుతున్నారు. నేను కళ్ళు మూసుకుని శ్రద్ధగా వెళ్ళాను. తెరిచి చెప్పాను. "పడవ ఊగుతోంది. నేను తాడు తీసుకుని పడవని గట్టున కొబ్బరిచెట్టుకి కట్టేశాను."

వేటకెళ్ళే ఇళ్ళ ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. "నడి సముద్రంలో కొబ్బరిచెట్టేటే తల్లీ!" అని ఒకావిడ చాప మీద దొర్లింది. ఆనందపురం పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది? కళ్ళంలో ఎద్దుని గుంజకి కట్టినట్టు పడవని కట్టేశాను. మామ్మ మాత్రం నవ్వలేదు.

"ఈ పిల్ల మనసులో కూడా కట్టుకోకుండా ఎల్లనేదు. ఆయన పక్కనే పడుకునున్నా సరే, తాడు గావాల. ఉండనీండి. కట్టుకునే రానీ. రావడం మానకపోతే సాలు" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంట్లోనూ మందిరంలోనూ అందరూ నన్ను "భయపడకు" అన్నవాళ్ళే. భయంతోనే రమ్మన్న మనిషి ఈవిడ ఒక్కతే.

కొత్త పాస్టరుగారు వచ్చినప్పుడు ఈ పద్ధతి ఆయనకి కాస్త కంగారు పుట్టించింది. మంచి మనిషి, కుర్రవాడు. "మామ్మగారూ, ఊహలు మోసం చేస్తాయి. వాక్యం ఉండగా ఊహలెందుకు?" అన్నాడు.

"అయ్యగోరూ, తప్పిపోయిన గొర్రె ఎవులిది?" అంది మామ్మ. "ఏ ఊరు గొర్రె? ఆయన ఊహించి సెప్పిందే కదా. ఆయనకి ఇష్టం నేకపోతే మనకీ బుర్ర ఇలాగెందుకిచ్చినాడు?"

"చూసినదంతా దేవుడే చూపించాడని జనం అనుకుంటే?" అని ఆయన అడిగాడు. అది మంచి ప్రశ్నే.

"నాను అనను బాబూ. ఎవులన్నా అంటే మీరు సెవి మెలెయ్యండి. వాక్యం గట్టు దాటితే సెయ్యి పట్టుకుని ఎనక్కి లాగండి. మీరుండీది అందుకే కదా."

ఆయన నవ్వి చాప మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి శుక్రవారం వీలైనప్పుడల్లా వచ్చేవాడు. ఎవరైనా మరీ దూరం వెళ్ళిపోతే మెల్లగా దగ్గేవాడు. మామ్మ "లాగీసినారు, లాగీసినారు" అని ఆనందపడేది.

ఒకసారి మధ్యాహ్నం, చేపలు అయిపోయి, మామ్మ కత్తిపీట కడుక్కుంటున్నప్పుడు వెళ్ళాను. ఇంట్లో మళ్ళీ గొడవైంది. ఆవిడ స్థిమితం చూసి నాకు ఉక్రోషం వచ్చింది. "మీకేం మామ్మా, మీకు భయమంటే ఏంటో తెలీదు" అనేశాను.

ఆవిడ నీళ్ళు పొయ్యడం ఆపలేదు. "నా కొడుకు ఏటకెల్లి రానేదు" అంది. "గాలివానలో బోటు ముక్కలొచ్చినాయి గానీ ఆడు రానేదు. ఒడ్డుకి కూడా కొట్టుకు రానేదు."

నాకు తెలియదు. మందిరంలో ఎప్పుడూ చెప్పలేదు.

"సముద్రం ఆడ్ని ఒక్కపాలే సంపినాది. నాను రోజూ సంపీసినాను. ఒకపాలి ఊపిరాడక. ఒకపాలి దాహానికి. ఒకపాలి అమ్మా అని కేకేసి. ఒక్కటీ నాను సూసింది కాదే. అన్నీ అనుకున్నయ్యే."

"మరి ఎలా ఆగింది మామ్మా?"

"మందిరానికి కొత్తగా ఒచ్చిన రోజుల్లో సదువుతంటే ఇన్నాను. తిరిగి లేసినాక ఆయన ఒడ్డు మీద నిప్పులేసి, సేపలు కాల్సి, రాత్రంతా సముద్రం మీదుండొచ్చిన వోల్లని రండి, తినండి అన్నాడంట. నిప్పుల మీద బాగుండీవి కవ్వళ్ళే, అయ్యే అయ్యుంటాయి. నా కొడుక్కి ఆ సేపలంటే పేణం. ఆ బంతిలో ఆడ్ని కూకోబెట్టినాను. తడిసిపోయున్నాడు. ఆకలి మీదున్నాడు. ఆయన వొడ్డిస్తన్నాడు."

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. ఆవిడ నేర్పినదే కదా అని, "ఇది మాత్రం అనుకున్నది కాదా మామ్మా? మొప్ప ఎత్తి చూశారా?" అని అడిగాను.

ఆవిడకి కోపం రాలేదు. పైగా మెచ్చుకోలుగా చూసింది. "అనుకున్నదే. ఎత్తి సూసినాను. నిప్పు నాను ఎయ్యనేదు. సేప నాను పెట్టనేదు. రమ్మని పిలిసింది నాను కాదు. అయన్నీ ఆయనియ్యే, వాక్యంలోయే. నా పిల్లోడ్ని బంతిలో కూకోబెట్టినాను, అంతే. ఆ పాటి సొతంత్రం ఆయన కాడ నాకున్నాది." కత్తిపీట తుడిచి గోనెలో చుట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

మామ్మ మంచం పట్టాక, గంజి తీసుకుని వెళ్తుండేదాన్ని. చివరిసారి వెళ్ళినప్పుడు కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"నీ పెనిమిటి పని సేసీ సోటు ఎలాగుంటాదే? పుట్టినకాడి నుంచి సముద్రమే సూసినాను. ఉక్కు నీల్లయిపోతాదంట కదా. సెప్పు, సూద్దును" అంది.

"భయంగా ఉంటుంది మామ్మా."

"అది నీ సంగతి. దాని సంగతి సెప్పు."

ఇన్నేళ్ళుగా నిద్రలో కూడా ఆ షాపులోనే తిరుగుతున్నాను. దాని రంగేమిటో నాకు తెలియదు. చూసింది లేదు, విన్నది లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

"అడిగి ఇంటికొచ్చి సెప్పు" అంది మామ్మ. అడిగేలోపే పోయింది.

ఆ వారమే మా ఆయన, గోడకేసి చూస్తూ, "రేపు ఆఫీసరుకి సెప్పీస్తాను. స్టోర్సుకే ఎల్లిపోతాను. నువ్వు నిమ్మలంగా ఉండు" అన్నాడు. నేను గెలిచాను. ఆ గొంతు వింటే గెలిచినట్టు అనిపించలేదు.

భూస్థాపనకి ఆయన సెలవు పెట్టి వచ్చాడు, పెట్టె మోశాడు. హార్బర్ నుంచి మామ్మ అన్నదమ్ములు వచ్చి, పాస్టరుగారి పక్కన నిలబడి, పిడికెడు మట్టి వేసి వెళ్ళారు. సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆయన మెట్ల మీద టీ గ్లాసుతో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఉక్కు ఎలా ఉంటాదండీ?" అని అడిగాను.

ఆయన అనుమానంగా చూశాడు. "ఇప్పుడెందుకది? సెప్తానన్నాను కదా ఆఫీసరుకి."

"దానికి కాదు. మామ్మ అడిగినాది. చెప్పలేకపోయాను. నాకు తెలీదు."

గ్లాసు మెట్టు మీద పెట్టాడు. తర్వాత మొదలెట్టాడు. ముందు ఆగి ఆగి, తర్వాత ఆగకుండా.

"ఎర్రగుంటాదనుకుంటారు గానీ ఎరుపు కాదే. తెలుపు. ఒట్టి కల్లతోటి సూడలేం, నీలం అద్దం దించుకుని సూడాల. సుట్టూ మిషన్ల హోరు. అది మాత్రం పెద్ద బకెట్టులోకి నెయ్యి వొంపినట్టు నున్నగా దిగుతాది. అప్పుడు లేసిన ఎలుగు పైకప్పు దాకా కొడతాది. దూలాల మీద పావురాలుంటాయి..."

"పావురాలా?"

"గూళ్ళు కట్టుకున్నాయి. కొత్తయి ఆ ఎలుగుకి ఎగిరిపోతాయి. పాతయి కన్ను కూడా తెరవవు."

"ఆ వేడిలోనా? మీకు భయమెయ్యదా?"

"ఎయ్యకేటి. బయమున్నోడే అద్దం దించుకుంటాడు." ఆయన చేతులు గాలిలో ఆ బకెట్టు ఎంత పెద్దదో చూపిస్తున్నాయి. ఆ ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళైందో.

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేటండీ?"

"నువ్వెప్పుడడిగినావే?"

ఇన్నేళ్ళూ నా బుర్రలో ఆ షెడ్డు నిండా స్ట్రెచర్లే ఉన్నాయి. పైన పావురాలున్నాయని నాకు తెలియనే తెలియదు. నాకు సిగ్గు వెయ్యలేదు, సంతోషం వేసింది. ఎవరో తలుపు తీసి గాలి రానిచ్చినట్టు హాయిగా ఉంది. స్టోర్సుకి వద్దన్నాను. "నిజంగానేటి?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నిజంగానే అన్నాను.

మర్నాడు ఆయనకి పొద్దుటి షిఫ్టు. క్యారేజీ కట్టాను. డబ్బాలోంచి గుప్పెడు నూకలు తీసి, చిన్న కవరులో ముడేసి, దాని మీద పెట్టాను. ఆయన కవరు ఎత్తి చూసి, "ఇదేటే?" అన్నాడు.

"మీ పావురాలకి."

"గేటు కాడ సెక్యూరిటీవోడు అడిగితే ఏటి సెప్పమంటావు?"

"మా ఆవిడ పంపినాదని సెప్పండి" అన్నాను.